దుబాయ్ గడియారం చూపిన దారి

నెల రోజులుగా సాయంత్రం అయిదింటికి నేను హోటల్‌కు రావడం లేదని మీరు రకరకాలుగా అనుకుంటున్నారట. ఒకరేమో ట్యూషన్లు మొదలుపెట్టాడన్నారట. ఇంకొకరు షుగర్ వచ్చి చాయ్ మానేశాడన్నారట. అంత అదృష్టం నాకెక్కడిది! ఆ టైముకు నేను కాశిబుగ్గలో ఒక చేనేత ఇంట్లో, చాప మీద కూర్చొని, రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంటాను. మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో పెడతారే, ఆ చిన్న చిన్న దారపు చుట్లు. అవే.

నవ్వితే నవ్వండి. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో డ్రిల్ మాస్టర్ని. విజిల్ వేస్తే మూడు వందల మంది పిల్లలు కదలకుండా నిలబడతారు. ఆ విజిల్ ఇప్పుడు జేబులో ఉంటుంది, చేతిలో దారం తెగుతుంటుంది. ఇవాళ ఆదివారం కాబట్టి సెలవు దొరికింది. ఒక చాయ్ చెప్పండి, జరిగిందంతా చెప్తాను. తప్పు మొత్తం నాదే. కాబట్టి మధ్యలో ఎవరూ నా తరఫున మాట్లాడనక్కర్లేదు.

దీనికంతా మూలం మా బావ. అంటే మా అక్క భర్త. దుబాయ్‌లో ఏసీలు బిగించే పని ఆయనది. మొన్న దసరాకు సెలవు మీద వచ్చాడు. అక్కకు నైలాన్ చీరలు, ఇంటికి రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్, నాకేమో ఒక గడియారం. "బామ్మర్దీ, మిలిటరోళ్లు పెట్టుకునేదిది. గ్రౌండ్ల తిరిగేటోనివి, నీకే మంచిగుంటది" అని నా చేతికి కట్టాడు.

గడియారం అంటే మీరు మనం పెట్టుకునేవి అనుకోకండి. నల్లగా, మందంగా ఉంటుంది. చుట్టూ రబ్బరు, మూలకు ఒక స్క్రూ, పక్కల నాలుగు బటన్లు. ముళ్లు లేవు, అంకెలే. చీకట్లో బటన్ నొక్కితే లైటు వస్తుంది. అలారం ఉంది. గంట గంటకూ కీక్ కీక్ అని కూస్తుంది. స్టాప్‌వాచ్ ఉంది. అన్నిటికంటే మించి, పట్టీ మీద చొక్కా గుండీ అంత దిక్సూచి ఉంది! చిన్న ఎర్ర ముల్లు ఊగి ఊగి ఉత్తరం దిక్కు ఆగుతుంది. అది చూశాక నాకు నేను డ్రిల్ మాస్టర్లా కనబడలేదు. ఏదో పెద్ద హోదా వచ్చినట్టే అనిపించింది.

బావ దాన్ని బకెట్ నీళ్లలో పడేశాడు. తీస్తే నడుస్తోంది. ఇంటి ముందరి బండ మీద విసిరాడు. తీస్తే నడుస్తోంది. మా ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత వారం రోజులు నేను చేసిందీ అదే. స్టాఫ్‌రూంలో కూజా నీళ్లలో ముంచి చూపించాను. హెడ్మాస్టర్ గది ముందు సిమెంటు అరుగు మీద పడేసి చూపించాను. లెక్కల సార్ చూడలేదంటే ఆయన కోసం మళ్లీ పడేశాను. పాత కీ గడియారం రోజుకు అయిదు నిమిషాలు వెనకబడేది. ఇది సెకన్ కూడా తేడా రాదు. బడి గంట కూడా నా చెయ్యి చూసి కొట్టడం మొదలుపెట్టారు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఎండలో అంకెలు కనబడవు, ఇంకో చెయ్యి అడ్డం పెట్టి నీడ చేయాలి. అంటే టైమెంత అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు రెండు చేతులూ కావాలి. చొక్కా చేతి గుండీ పట్టదు. నాలుగు బటన్లలో ఏది నొక్కితే ఏమైతుందో నెల దాటినా నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒకరోజు ప్రేయర్‌లో, మౌనం పాటిస్తున్నప్పుడు అలారం మోగింది. ఆపడం రాక చెయ్యి చంకలో పెట్టుకొని నిలబడ్డాను. దాంతో పాటు చిన్న అక్షరాల కాగితం ఒకటి వచ్చింది. అది చదివితే సరిపోయేది. చదవలేదు.

దిక్సూచిని మాత్రం పరీక్షించాను, ఆ మాట ఒప్పుకోవాలి. మా డాబా మీద నిలబడి చూశాను, కరెక్ట్. పొద్దు పొడిచేటప్పుడు చూశాను, కరెక్ట్. గ్రౌండ్‌లో నాలుగు మూలలా నడుచుకుంటూ చూశాను, కరెక్ట్. నడుచుకుంటూ చూశాను అన్న సంగతి జర గుర్తుంచుకోండి.

ఇక స్వరూప గురించి చెప్పాలి. మా బళ్లో ఏడో తరగతి పిల్ల. కాళ్లకు చెప్పులు ఉండవు, ఉన్నా గ్రౌండ్‌కు రాగానే తీసి గోడ పక్కన పెడుతుంది. ఈ పిల్ల ఉరుకుతుంటే చూడాలి మీరు. ఆయాసం ఉండదు, హడావిడి ఉండదు. ఏదో పని మీద పోతున్నట్టు పోతుంది, చూస్తే అందరికంటే ముందుంటుంది. పన్నెండేళ్లలో నేను అట్లాంటి పిల్లను చూడలేదు.

వాళ్ల నాన్న మొగిలయ్య. కాశిబుగ్గలో మగ్గం నేస్తాడు. ఆయన మగ్గం మీద, భార్య పోగులు అతికే అచ్చు పని మీద, పిల్ల కండెల మీద కూర్చుంటేనే ఆ ఇల్లు నడిచేది. ఏడో తరగతి పరీక్షలు కాగానే స్వరూపను బడి మాన్పించాలని ఆయన నిశ్చయం చేసుకున్నాడు. తిట్టి కాదు, కొట్టి కాదు. ఇంటి పరిస్థితి అది. నేను నాలుగుసార్లు పోయి బతిమిలాడాను. జిల్లాలో క్రాస్ కంట్రీ పరుగు సెలెక్షన్ ఉందని, మొదటి ఆరుగురిలో వస్తే స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు ఇస్తారని, తిండీ బట్టా చదువూ వాళ్లే చూసుకుంటారని చెప్పాను. చివరికి ఆయన ఒక మాట అన్నాడు. సీటొస్తే పంపుతాడు. రాకపోతే పరీక్షలు కాగానే రాట్నం ముందు కూర్చోబెడతాడు.

సీటు వచ్చినట్టే అనుకోమన్నాను. ఇంకేం ఫికర్ పెట్టుకోవద్దని, జిమ్మేదారి నాదని, చేతికున్న గడియారం మీద తట్టి మరీ చెప్పాను. ఎందుకు తట్టానో నాకే తెలియదు.

సెలెక్షన్ ధర్మసాగర్ చెరువు కట్ట దగ్గర. నెల కిందట ఒక ఆదివారం పొద్దున్నే పోయాం. పద్దెనిమిది మంది ఆడపిల్లలు, వాళ్ల డ్రిల్ మాస్టర్లు, స్పోర్ట్స్ ఆఫీసరు. దారి చాలా సులువు. కట్ట దిగి, బండిబాట పట్టుకొని ఉత్తరం దిక్కు నేరుగా పోవాలి. కిలోమీటరున్నర దూరంలో పంపు రూము. అక్కడ ఒక సార్ ఎర్రజెండా పట్టుకొని నిలబడి ఉంటాడు. ఆయన్ను చుట్టి అదే బాటన తిరిగి రావాలి. మొత్తం మూడు కిలోమీటర్లు. తప్పిపోవడానికి అందులో ఏమీ లేదు.

కానీ ఆ రోజు మంచు. పది అడుగుల అవతల మనిషి కనబడలేదు. బాట పొడుగునా పోసిన సున్నపు గీత మంచుకు తడిసి మట్టిలో కలిసిపోయింది. ఆఫీసరు మంచి మనిషి. ఒక గంట ఆగుదాం, పొద్దెక్కితే మంచు పోతుంది, తొందరేం లేదన్నాడు. కొందరు పత్తి కట్టె ఏరి మంట వేశారు. పిల్లలు చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. ఎంత బాగుంది! ఆ గంట నేను కూడా చేతులు కాచుకుంటూ కూర్చుంటే ఇవాళ నా బతుకు ఇట్లా ఉండేది కాదు.

నేను లేచాను. ఆగాల్సిన పనే లేదన్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచి దిక్సూచి చూపించాను. నేను సైకిల్ మీద ముందు పోతాను, పిల్లలు నా వెనక ఉరుకుతారు, ఉత్తరం ఎక్కడికీ పోదన్నాను. ఆఫీసరుకు పదకొండింటికి ఇంకేదో మీటింగ్ ఉందట, సంతోషించాడు. తోటి మాస్టర్లు గడియారం చుట్టూ మూగారు. నీళ్లలో పడేసి చూపించమని ఒకాయన అడిగితే చెరువు నీళ్లలో పడేసి చూపించాను. అటెండరు సైకిల్ ఇచ్చాడు. సరిగ్గా ఏడింటికి గడియారం కీక్ కీక్ మంది. నేను స్టాప్‌వాచ్ నొక్కి పెడలు తొక్కాను.

స్వరూప మొదటి నిమిషంలోనే నా వెనక చక్రం పక్కకు వచ్చేసింది. ఇంకో నలుగురు గట్టి పిల్లలు ఆమె వెనక. మిగతా పదముగ్గురు కొంచెం కొంచెంగా వెనకబడి మంచులో కలిసిపోయారు. నాకు ఛాతీ ఉప్పొంగింది. స్వరూప సీటు నాకు అప్పుడే కనబడుతోంది.

కొంత దూరం పోయాక బాట రెండుగా చీలింది. అక్కడ గుంతలో నీళ్లున్నాయి. అది తప్పించడానికి సైకిల్ కొంచెం కుడికి తిప్పాను. అదే సమయానికి చెయ్యి చూసుకున్నాను. ఎర్ర ముల్లు నేరుగా నా ముందుకే చూపిస్తోంది. అంటే కుడి బాటే ఉత్తరం. కుడికి పట్టాను. ఇంకొంచెం పోయాక బాట మళ్లీ కుడికి వంగింది. చూసుకున్నాను. ముల్లు నేరుగా ముందుకే. ఎంత మంచి బాట, వంకర తిరిగినా ఉత్తరానికే పోతోంది అనుకున్నాను. నిజంగా ఈ మాటే అనుకున్నాను.

మంచులో సూర్యుడు తెల్లటి రొట్టెలా కనిపించాడు. స్వరూప ఉరుకుతూనే అంది:

"సార్, పొద్దు ఎదురుంగ కనవడ్తాంది. ఇందాక కుడిదిక్కు ఉండె."

నేను చెయ్యి చూశాను. ముల్లు ముందుకే. "గడియారం ఉత్తరమనే చెప్తాంది. నువ్వు ఉరుకు బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల సార్ చెప్పాడు కదా అని ఉరికింది. పన్నెండేళ్ల పిల్ల సూర్యుణ్ణి చూసి దిక్కు చెప్తే, నలభై ఏళ్ల నేను సూర్యుడిదే ఏదో తేడా ఉందనుకున్నాను.

బాట అయిపోయి మిరపతోట వచ్చింది. గట్టు మీద నుంచి సైకిల్ నడిపించాను. మిరపకాయలు ఏరుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి లేచి, తోటలో పడి తొక్కుతున్నారని గట్టిగా అరిచింది. క్రాస్ కంట్రీ అంటే ఏమిటో ఆమెకు చెప్పే టైము లేదు. తోట దాటితే కాలువ. కాలువ దగ్గర మేకలు కాసే ముసలాయన బీడీ తాగుతున్నాడు. పంపు రూము ఇంకెంత దూరమని అడిగాను. ఆయన నన్ను చూశాడు, నా వెనక ఆయాసపడుతున్న పిల్లలను చూశాడు.

"పంపు రూమా? మీరు దానికి ఈపు వెట్టి ఉరుకుతాండ్రు గద సార్" అన్నాడు.

సైకిల్ పూర్తిగా వెనక్కి తిప్పి చూశాను. ముల్లు నేరుగా ముందుకే. ఇందాక అటున్న ఉత్తరం ఇప్పుడు ఇటు వచ్చింది! అప్పటికైనా నాకు అనుమానం రావాలి కదా? వచ్చింది. మేకలాయన మీద వచ్చింది. దుబాయ్ నుంచి వచ్చిన వస్తువును అనుమానించడానికి నాకు మనసొప్పలేదు. ఈయనకు బీడీ మత్తేమో అనుకున్నాను.

స్వరూప నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదే నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. "సార్, మీరు ఎనుక రాండ్రి" అని, నేలమీద నా సైకిల్ టైరు గుర్తు చూసుకుంటూ వెనక్కి ఉరకడం మొదలుపెట్టింది. తడి మట్టిలో ఆ గుర్తు చక్కగా పడింది. వచ్చిన దారంతా ఎన్ని వంకరలు తిరిగానో ఆ గుర్తు మీదే రాసి ఉంది. మిగతా నలుగురు నడుస్తున్నారు, ఒక పిల్ల ఏడుస్తోంది. స్వరూప మాత్రం ఆగలేదు. నేను సైకిల్ మీద రొప్పుతున్నాను, ఆ పిల్ల కాళ్ల మీద పోతోంది.

చీలిక దగ్గరకు వచ్చేసరికి మంచు పలచబడింది. అక్కడి నుంచి నేరుగా కట్ట మీదికి పోదామన్నాను. ఆమె వినలేదు. జెండా చుట్టి రాకపోతే లెక్కలోకి రాదని, పంపు రూము దిక్కు ఉరికింది. అక్కడి సార్ జెండా కర్రకు చుట్టేసి చంకలో పెట్టుకొని బయలుదేరుతున్నాడు. స్వరూప ఆయన్ను చుట్టింది. ఆయనకేం అర్థం కాలేదు. నాకు అర్థమై సైకిల్ మీద నుంచి దిగి మొహం తుడుచుకున్నాను.

కట్ట దగ్గరకు వచ్చేసరికి అందరూ అరటిపండ్లు తింటున్నారు. వెనకబడిన పదముగ్గురికీ నేను కనబడలేదు కదా, వాళ్లు బండి చక్రాల గాడి పట్టుకొని నేరుగా పోయారు, జెండా చుట్టారు, వచ్చారు. వాళ్ల దగ్గర గడియారం లేదు మరి. అందులో మొదటి ఆరుగురి పేర్లు ఆఫీసరు అప్పటికే రాసేసుకున్నాడు. జిల్లాలో గట్టిగా ఉరికే అయిదుగురు పిల్లలూ నన్ను నమ్మి నా వెనక వచ్చారు. ఒక్కరి పేరు కూడా లిస్టులో లేదు.

నేను ఆఫీసరు ముందు నిలబడి బతిమిలాడాను. పిల్లలది తప్పు కాదని, మూడు కిలోమీటర్లకు బదులు ఏడు కిలోమీటర్లు ఉరికారని, స్వరూప ఎక్కడా ఆగలేదని చెప్పాను. సాక్ష్యం నా చేతికే ఉందని స్టాప్‌వాచ్ చూపించబోయాను. ఏ బటన్ నొక్కానో దేవుడికే తెలియాలి, అన్నీ సున్నాలయ్యాయి. ఆఫీసరు ఆ సున్నాలను చూశాడు, నన్ను చూశాడు. అప్పుడే ఎనిమిది కొట్టినట్టుంది, గడియారం కీక్ కీక్ మంది.

"టైం మాత్రం మంచిగ చెప్తాంది సార్ ఇది" అన్నాడు ఆయన.

రూలు రూలే అన్నాడు. మళ్లీ పెట్టడానికి ఆయన చేతిలో లేదన్నాడు. ఆ మిగతా నలుగురు పిల్లల మాస్టర్లు నన్నేమన్నారో ఈ హోటల్‌లో చెప్పలేను, పక్కన కుటుంబాలు కూర్చున్నాయి. అవన్నీ భరించాను. కానీ నర్సంపేట డ్రిల్ సార్ వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన బడి పిల్లలిద్దరూ లిస్టులో ఉన్నారు. మీ పుణ్యమా అని మా బడికి మొదటిసారి సీట్లొచ్చాయి సార్, ఎప్పుడన్నా నర్సంపేట వస్తే ఇంటికి తప్పకుండా రావాలన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. నా కళ్లలోనూ నీళ్లే. చూసేవాళ్లు ఇద్దరం పాత దోస్తులం అనుకొని ఉంటారు.

బస్సులో స్వరూప కిటికీ పక్కన కూర్చుంది. హన్మకొండ దాటాక మెల్లగా అడిగింది, "సార్, బాపుకు మీరే చెప్తరా?" అని.

నేనే చెప్తానన్నాను. చేతికున్న గడియారం తీసి జేబులో పెట్టుకున్నాను. అది జేబులో కూడా టైముకు కూసింది.

మొగిలయ్య మగ్గం మీద ఉన్నాడు. నేను గడప దగ్గరే నిలబడి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. పొద్దు ఎదురుగా ఉందని పిల్ల చెప్పింది, నేను వినలేదు, ఆ సంగతీ చెప్పాను. ఆయన నేయడం ఆపలేదు. నాడె అటు పోతోంది, ఇటు వస్తోంది. నేను చెప్పడం అయిపోయింది. ఇంకో పది పోగులు నేసి అప్పుడు ఆపాడు. ఆ గడియారం ఒకసారి చూపించమన్నాడు.

ఇచ్చాను. మగ్గం పక్కన చెక్క మీద పెట్టి ముల్లు చూశాడు. ఊగి ఊగి ఉత్తరం దిక్కు ఆగింది. వాళ్ల ఇంట్లో పొద్దు ఎటు పొడుస్తుందో ఆయనకు తెలుసు, తల ఊపాడు. తర్వాత ఏదో దారం తెంపడానికి కత్తెర తీసుకున్నాడు. ముల్లు గిర్రున కత్తెర దిక్కు తిరిగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. కత్తెర ఎడమకు జరిపాడు. ముల్లు ఎడమకు. కుడికి జరిపాడు. కుడికి. కత్తెర పూర్తిగా దూరం పెట్టాడు. ముల్లు మళ్లీ బుద్ధిగా ఉత్తరానికి వచ్చింది.

"సార్, మీరు సైకిల్ మీద పోయిండ్రా?" అన్నాడు.

అవునన్నాను.

"హ్యాండిల్ ఇనుపదే గద."

అప్పటికి నాకు వెలిగింది. ముల్లు ఉత్తరం చూపించలేదు. పొద్దున్నుంచీ అటెండరు సైకిల్ హ్యాండిల్‌ను చూపించింది. సైకిల్ ఎటు తిప్పితే అటే ఉత్తరం! బియ్యే, ఆ తర్వాత ట్రైనింగ్ చదివిన నాకు పట్టనిది, బడి గడప తొక్కని మనిషి కత్తెరతో ఒక నిమిషంలో తేల్చేశాడు. లోపల స్వరూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు. మొగిలయ్య మాత్రం నవ్వలేదు.

గడియారం నా చేతిలో పెట్టి, "పిల్ల ఓడిపోలే సార్, మీరు తప్పిపోయిండ్రు" అన్నాడు. "జెండా లేకున్నా చుట్టి వచ్చిందట గద. గసొంటి పిల్లను ఇంట్ల కూసోవెట్టి నేనేం బాగుపడ్త. ఇంకో ఏడు సదువనీ. గని కండెలు ఎవరు సుడ్తరో చెప్పుండ్రి."

నేను చుడతానన్నాను.

నోరు జారి అన్నానని మీరు అనుకోవచ్చు. కాదు. ఆ క్షణంలో మగ్గం నేయమన్నా సరేననేవాణ్ణి. సీటు నా చేతుల్లోంచి పోయింది. వచ్చే చలికాలం దాకా ఆగాలి, ఎనిమిదో తరగతిలో ఇంకొక్క చాన్స్ ఉంది, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. అది కూడా పోతే ఆ పిల్ల రాట్నం ముందు కూర్చున్న ప్రతి రోజూ నా లెక్కలోనే పడుతుంది. సాయంత్రం బడి కాగానే పిల్లకు గ్రౌండ్, ఆ గంట పిల్ల బదులు నాకు రాట్నం. అట్లా ఒప్పందం అయింది. మొగిలయ్య ఇంకో షరతు కూడా పెట్టాడు. "పిల్ల ఉరికేటప్పుడు మీరు ముందల ఉండొద్దు సార్. ఎనుక ఉండుండ్రి."

ఇంటికి పోయి ఆ చిన్న అక్షరాల కాగితం వెతికాను. మా ఆవిడ దాన్ని ఉప్పు డబ్బా కింద పరిచింది. తడి ఆరబెట్టి చదివితే నాలుగో లైనులోనే ఉంది, ఇనుప వస్తువుల దగ్గర దిక్సూచి సరిగ్గా చూపదని. మా ఆవిడకు వినిపించాను. ఉప్పు డబ్బాకైనా పనికొచ్చింది కదా అంది.

గడియారం ఇప్పుడు మొగిలయ్య దగ్గరే. ఇస్తానంటే ఆయన వద్దన్నాడు, కానీ నా డ్యూటీ కొలవడానికి మగ్గం కర్రకు వేలాడదీశాడు. అయిదింటికి ఒకసారి కూస్తుంది, నేను కూర్చోవాలి. ఆరింటికి ఒకసారి కూస్తుంది, అప్పుడు లేవాలి. నడుము పట్టేస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పది కండెలు చుడితే ఆరు పనికిరావని మొగిలయ్య భార్య విప్పేస్తుంది. ఎప్పుడు చూసినా అయిదుంబావే. ఒకరోజు టైము చూద్దామని తీస్తే గడియారం నా చేతిలోంచి జారి గంజి కుండలో పడింది. నిజంగానే జారింది, మీరట్లా చూడకండి. ఇక చచ్చింది పీడ అనుకున్నాను. సరిగ్గా ఆరింటికి గంజిలోంచి కూసింది. నీళ్లలో పడినా, బండ మీద పడినా ఏం కాదు, సెకన్ కూడా తేడా రాదని ఊరంతా తిరిగి చెప్పింది నేనే కదా. ఎవరి మీద ఏడవను!

పొద్దున అయిదున్నరకు మాత్రం నర్సంపేట రోడ్డు మీద ఉంటాం. స్వరూప ముందు, సైకిల్ మీద నేను వెనక. మొన్నటికంటే ఇప్పుడు గట్టిగా ఉరుకుతోంది. నిజం చెప్పాలంటే నేను అందుకోలేకపోతున్నాను. నిన్న మళ్లీ మంచు కురిసింది. నేను ఆయాసం తీర్చుకుందామని ఒక కిలోమీటరు రాయి పక్కన దిగి నిలబడ్డాను. మిరపకాయ లోడుతో ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టి, సార్, నర్సంపేట ఇటేనా అని అడిగాడు. నర్సంపేట అని తెల్ల రంగు మీద నల్లగా రాసిన రాయి నా మోకాలికి తగులుతోంది.

ముందు ఉరుకుతున్న పిల్లను చూపించి, "నాకేం తెలుసు, ఆమెనడుగు" అన్నాను.